ఏడో రౌండు

ఏప్రిల్ చివరి వారం. బఫెలోలో ఇంకా మంచు పోలేదు.
స్కూలు బస్సుల డిపోలో హీటరు పక్కన కూర్చుని
మా జట్టుకి ఆటగాళ్లని ఎంచుతున్నాను.
నన్నెవరూ అడగలేదు.
పందొమ్మిదేళ్లుగా అడగలేదు.

ఈ ఆటలో ఓటమికి వడ్డీ కడతారు:
అందరికన్నా ఎక్కువ ఓడినవాడికి
అందరికన్నా ముందు కోరుకునే హక్కు.
ఆ లెక్కన మేం చాలాసార్లు ధనవంతులం.

ఏడాదికి ఏడు రౌండ్లు, ఏడు పేర్లు.
నూట ముప్పై మూడు పేర్లు రాస్తే
నిజమైనవి నాలుగు.
ఆ నాలుగులో ఒకడు మొదటి వారమే మోకాలు విరగ్గొట్టుకున్నాడు.
"నీది కరినాలుక, లియొకాడియా,
వాణ్ని వదిలేసినా బాగుపడేవాడు"
అన్నాడు మెకానిక్ జిగ్మండ్, టైరు కింద నుంచి.

ఇది ఇరవయ్యో పేజీ.

మొదటి రౌండు: క్వార్టర్‌బ్యాక్.
బంతి అతని చెయ్యి వదిలాక
గాలి కూడా కాస్త పక్కకి జరుగుతుందట.
అందరూ వీడి పేరే రాస్తారు. నేనూ మనిషినే.
రెండో రౌండు: నెబ్రాస్కా మొక్కజొన్న చేలలోంచి
పరుగు తప్ప ఇంకేమీ రాని ఒకడు.
జిగ్మండ్ ఒప్పుకోడు. గోడ కావాలి, గుర్రం కాదంటాడు.
మూడో రౌండులో వాడి మాట విన్నాను,
కాఫీ వాడు కొన్నాడు కనుక.
నాలుగు, అయిదు కొలతలు చూసి రాశాను:
ఎత్తు, బరువు, అరచేతి వెడల్పు,
నిలబడ్డచోటి నుంచి ఎంత ఎగిరాడు.
సంతలో కోడెల పళ్లు చూసినట్టు
కుర్రాళ్లని చూస్తారు. నేనూ చూశాను.
తర్వాత కాసేపు పెన్సిలు పట్టుకోబుద్ధి కాలేదు.
ఆరో రౌండు లేదు. ఎవరికో అమ్మేశారు,
ఎందుకో ఇప్పుడెవరికీ గుర్తులేదు.

ఏడో రౌండుకి పెన్ను తీశాను.
రోస్కో ప్రిడ్జెన్. గార్డు.
చిన్న కాలేజీ. ఏ స్కౌటూ అటు తొంగిచూడలేదు.

నా నలభై ఒకటో నంబరు బస్సెక్కేవాడు.
ఐదో తరగతికే ఇద్దరి సీటు వాడొక్కడికి చాలేది కాదు.
మోకాళ్లు నడవలోకి వచ్చేవి.
దాటిన ప్రతి పిల్లకీ సారీ చెప్పేవాడు.
ఒక నవంబరులో సరస్సు మీంచి మంచు లేచొచ్చి
జెనెసీ వీధిలో బస్సు కూరుకుపోయింది.
ముందు వాడు దిగాడు.
గాలికి వీపిచ్చి, మా వైపు మొహం పెట్టి
ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ నడిచాడు.
వాడి ఒంటి చాటున
ఒకరి కోటు ఒకరు పట్టుకుని పదకొండుమంది
బేకరీ దాకా చేరారు.
ఎవరికీ మంచు తగల్లేదనను. తక్కువ తగిలింది.

గార్డు పని అదే.
తప్పు జరిగినప్పుడు తప్ప
ఎవరూ పేరు పలకని కొలువు.
బస్సు నడపడం లాగే.

శనివారం పొద్దుగూకేవేళ
టీవీ అడుగున పేర్లు చీమల్లా పాకిపోయాయి.
మా వంతొచ్చింది. బంతిని తన్నేవాణ్ని తీసుకున్నారు.
ఆ పేరు పలకలేక చదివేవాడే తడబడ్డాడు.
జిగ్మండ్ టీవీ కట్టెయ్యలేదు,
గొంతు మాత్రం తగ్గించాడు.

తప్పిన పేర్లని ఏటా ఎర్రసిరాతో కొట్టేస్తాను.
ఈసారి ఐదు కొట్టేశాను.
ఆరోదాని దగ్గర చెయ్యి ఆగింది.
పక్కన మార్జిన్లో రాశాను:
ఇది నా తప్పు కాదు, వాళ్లది.

సోమవారం ఉదయం ఆరున్నర.
బెయిలీ మలుపులో వాళ్లమ్మ,
ఆస్పత్రి యూనిఫాం మీద పాత జెర్సీ వేసుకుని
సిటీ బస్సు కోసం నిలబడి ఉంది.
అక్కడ నాకు స్టాపు లేదు. ఆపాను.
"ఫోనేమైనా..." అన్నాను.
"మోగుతూనే ఉంది," అంది. "అన్నీ చుట్టాలే."
కాసేపాగి,
"రాత్రంతా మేలుకున్నాడు. ఇప్పుడే పడుకున్నాడు.
నేనే దాన్ని నా సంచిలో వేసుకొచ్చాను."